పసుపు అంటని వాక్యం

సాయంత్రం కంబదూరు నుంచి ఒక వార్త కాపీ వచ్చింది. మా పాత డెస్కు ఇన్‌చార్జి చనిపోయారని. కబురు పొద్దున్నే తెలిసింది కాబట్టి ఏడవాల్సింది అప్పుడే ఏడ్చేశాను. ఇక మిగిలింది పని. కాపీ తెరవగానే అలవాటు కొద్దీ వేళ్లు కీబోర్డులో రెండు మీటల మీదికి వెళ్లాయి. తెర మీద వాక్యాలు ఒకదాని వెంట ఒకటి పసుపు రంగుకు తిరిగాయి. "పత్రికారంగానికి తీరని లోటు" అన్నది పసుపు. "నిరాడంబరుడు, నిగర్వి" పసుపు. "చిన్నా పెద్దా తేడా లేకుండా అందరితో కలివిడిగా మెలిగేవారు" అన్నదీ పసుపే, పైగా శుద్ధ అబద్ధం. సారు ఎవరితోనైనా కలివిడిగా మెలిగి ఉంటే అది నేను సెలవులో ఉన్నప్పుడు జరిగి ఉండాలి.

చివర్లో ఒక్క వాక్యానికి మాత్రం రంగు అంటలేదు. చుట్టూ అంతా పసుపైనా అది తెల్లగా ఉండిపోయింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఈ పసుపు సంగతి చెప్పాలి. ఈ రోగం మా అందరికీ అంటించింది సారే.

అనంతపురంలో మా పత్రిక జిల్లా పేజీలు తయారయ్యే ఆఫీసు ఒక మేడ మీద రెండు గదులు. నేను సబ్ ఎడిటర్‌గా చేరిన కొత్తలో మనుషులకు కంప్యూటర్లు కొత్త, కంప్యూటర్లకు అనంతపురం దుమ్ము కొత్త. కాపీ దిద్దుకునే ఎడిటర్ ప్రోగ్రాంలో వెతికే పెట్టె ఒకటి ఉండేది. అందులో ఒక మాట కొడితే ఆ మాట కాపీలో ఎక్కడుందో చూపించేది. సారు ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసే స్నేహితుణ్ణి పట్టుకుని దానికి ఒక తోక తగిలించారు. వార్తల్లో అరిగిపోయిన మాటలన్నీ పోగేసి ఒక ఫైల్లో పెట్టారు. ఏ కాపీ తెరిచినా సరే, రెండు మీటలు కలిపి నొక్కితే ఆ మాటలకు సరిపోయినవన్నీ ఒక్కసారిగా పసుపు రంగులో వెలుగుతాయి. "మనస్తాపం చెంది", "జీవితంపై విరక్తి చెంది", "రోదనలు మిన్నంటాయి", "గ్రామంలో విషాద ఛాయలు అలుముకున్నాయి", "చూపరులను కంటతడి పెట్టించింది". ఇలాంటివి రోజూ కొన్ని ఆ ఫైల్లోకి చేరుతూనే ఉండేవి.

ఆ తోక మాటల్ని చూపిస్తుందే గాని మార్చదు. మొత్తం ఒకేసారి మార్చేసే మీట జోలికి పోతే సారు ఊరుకునేవారు కాదు. ఆయనకు ముందున్న ఇన్‌చార్జి కాలంలో ఒకసారి దొంగతనం వార్తలో నిందితుడి పేరు తప్పు పడిందట. రాముడు కాదు, రమణ. ఎవరో తొందరపడి ఫైలంతా ఒక్క దెబ్బకు మార్చేశారు. అదే ఫైల్లో శ్రీరామనవమి వ్యాసం కూడా ఉంది. తెల్లారి పేపర్లో రమణ శివధనుస్సు విరిచి సీతను చేపట్టాడు. దాని మీద ఊరు ఊరంతా వారం రోజులు నవ్వింది గానీ సారు ఆ కథ చెప్పినప్పుడు ఒక్కసారి కూడా నవ్వలేదు. "చూడాల. ఒక్కొక్కటీ చూడాల. చూడకుండా మార్చేది మిషన్ పని" అనేవారు.

సన్నగా, పొడుగ్గా, తెరకు ముక్కు ఆనించి కూర్చునేవారు. చెవిమీద బాల్‌పెన్ను, దాంతో ఏమీ రాసిన పాపాన పోలేదు. తెర మీద దుమ్ము పేరుకుంటే చొక్కా కొసతో తుడిచేవారు, అందుకే ఆ చొక్కాలన్నింటికీ కింద ఒక మూల మట్టిరంగు. జేబులో ఎప్పుడూ బుడ్డలు ఉండేవి. మిగతా ఊళ్లవాళ్లు వేరుశనక్కాయలు అనేవాటిని మావైపు బుడ్డలంటారు. ఒక్కొక్కటే పగలగొట్టి తింటూ కాపీలు చదివేవారు. ఆ టప్ టప్ చప్పుడు వినబడినంతసేపు మాకు ప్రాణం కుదుటగా ఉండేది. అది ఆగిందంటే ఎవరి కాపీయో పసుపు అయిందని అర్థం. గదిలో అందరం తలలు దించుకుని మా మా తెరల్లోకి దూరిపోయేవాళ్లం.

పసుపు కనబడితే సారు అరిచేవారు కాదు, అదే భయం. గోటితో తెర మీద టకటకమని కొట్టి, ఫోన్ ఎత్తి, ఆ విలేకరిని ఒకటే మాట అడిగేవారు. "నువ్వు చూసినావా?" మడకశిర నుంచి కదిరి దాకా విలేకరులు ఆయన పేరు మర్చిపోయి 'చూసినావా సారు' అనే పిలుచుకునేవారు.

నన్నూ అడిగారు. చేరిన మొదటి వేసవిలో నీటి ఎద్దడి మీద ఒక వార్త రాశాను. చుక్క నీటి కోసం జనం అల్లాడుతున్నారని. టప్ టప్ ఆగిపోయింది.

"ఏమ్మా, ఇది నువ్వు చూసినావా?"

నాకు చిన్నప్పటినుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. "చూశాను సార్. కదిరిలో మా వీధిలోనే చూశాను" అన్నాను.

"ఎట్ల అల్లాడినారు?"

"ఎట్లా అంటే ఏముంది సార్, కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి ఇంటికెళ్లి పడుకుంటారు. ఎవరి బిందెకు వాళ్లు పాత చీర పీలిక కడతారు, గుర్తుకు. మా అమ్మ పెళ్లిచీర పీలిక కట్టింది. ఆ రంగు ఇంకెవరికీ లేదని."

సారు నావైపు కాసేపు చూశారు. "అది రాయి" అని తెరవైపు తిరిగిపోయారు. పొగిడినట్టా తిట్టినట్టా తెలియలేదు. తర్వాత టప్‌మని ఒక బుడ్డ పగిలింది. పొగిడినట్టే అనుకున్నాను.

ఒకసారి ఆ పసుపు గురించే అన్నారు: "ఇది తప్పులు చూపిచ్చేది గాదమ్మా. మనిషి లేని జాగా చూపిచ్చేది. ఆడికి ఎవురూ పోలేదు, ఎవుర్నీ చూడలేదు, మాటే పోయి కూసునింది." రైతుల చావుల వార్తలు రాని వారం లేని రోజులవి. అన్నీ ఒకే రకంగా వచ్చేవి. వాటిని దిద్దుతూ అన్న ఇంకో మాట నాకు ఇప్పటికీ గుండెల్లో గుచ్చుకుంటుంది. "ఎవురి సావు వాళ్లకి కొత్తే. మనమే పాతగా రాస్తాండాం."

ఇప్పుడు ఆ మార్చి నెల సంగతి.

కంబదూరు విలేకరికి ఫొటో స్టూడియో ఉండేది. మంచివాడే, కాకపోతే తొందర మనిషి. స్టూడియోలోని కంప్యూటర్‌లో కాపీ కొట్టి, ఫ్లాపీని కవర్లో పెట్టి మధ్యాహ్నం బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేవాడు. బస్టాండు నుంచి మేం తెచ్చుకునేవాళ్లం. దూరపు ఊళ్లకు వెళ్లే పేజీలు ఆరు గంటల లోపే వదిలెయ్యాలి కాబట్టి ఆ కవరు కోసం రోజూ కాళ్లు కాలిన పిల్లిలా తిరగడం నా పని.

ఆ రోజు కవరు ఆలస్యంగా వచ్చింది. తెరిస్తే 'పురుగుమందు తాగి రైతు మృతి'. మీటలు నొక్కాను. మొదటి పేరా పసుపు, రెండో పేరా పసుపు, మూడోదీ అంతే. రైతు పేరూ ఊరూ, ఇంటర్ చదివే కూతురు ఉందన్న ముక్కా తప్ప తెల్లటి చోటే లేదు. అంత పసుపు నేను అంతకుముందు చూడలేదు. పిలవకుండానే సారు వచ్చి వెనక నిలబడ్డారు. చేతిలో బుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

"వేరుశనగ పంట ఎండిపోవడంతో మనస్తాపం చెంది" అన్న దగ్గర గోరు ఆగింది.

"మార్చిలో యాడిదమ్మా శనక్కాయ పంట? కార్తీకంలోనే పీకేసినారు గదా. వాడి పాత కాపీ ఒకటి తెరువు."

కంబదూరు విలేకరి కార్తీకంలో పంపిన కాపీ ఒకటి తెరిచి పక్కన పెట్టాను. వేరే ఊరు, వేరే రైతు. మిగతాది అక్షరం మారలేదు. పాత చావులో పేరు తీసి కొత్త పేరు పెట్టి పంపేశాడు.

సారు ఫోన్ ఎత్తారు. కంబదూరు విలేకరి గొంతు ఫోన్ లేకపోయినా అనంతపురానికి వినబడే రకం. పక్కనే ఉన్న నాకు అన్నీ వినబడ్డాయి.

"నువ్వు చూసినావా?"

"చూసినా సార్. జీపులో ఎక్కిస్తాంటే నేనాడ్నే ఉండా. పెద్దాసుపత్రికి తీస్కపోయినారు."

"సచ్చిపోయింది చూసినావా?"

"అప్పుడికి ఊపిరి ఉండాది సార్. గానీ కష్టమే అన్నారు అందరూ. బస్సు టైమయిపోతాండె, మళ్లా కవరు అందదని రాసేసినా. ఈపాటికి అయిపోయింటాది సార్."

మా వైపు పనిలో ఇదొక పద్ధతి. దాన్ని తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. బస్సు మనకోసం ఆగదు, పేజీ బస్సు కోసం ఆగదు. అందుకని సభ మొదలుకాకముందే 'సభ ఘనంగా జరిగింది' అని రాసి పంపేవారు. ఈసారి మనిషిని కూడా అలాగే ముందే పంపేశారు. ఇంకో పద్ధతి దీనికంటే ఘోరం. సారుకు అది తెలుసు కాబట్టే తర్వాతి ప్రశ్న అడిగారు.

"మిగిలిన పేపర్లోళ్లకి ఎవురు రాసిచ్చినారు?"

"అందరిదీ ఒకటే కాపీ గద సార్. నేనే ఫ్లాపీలు ఏసిచ్చినా."

సారు ఫోన్ పెట్టేసి చెవి మీది పెన్ను తీసి టేబుల్ మీద పెట్టారు. అది అక్కడి నుంచి దిగడం నేను చూడటం అదే మొదలు. "రామ్మా" అన్నారు. పేజీల పని పక్క టేబుల్ ఆయనకు అప్పగించి నన్ను స్కూటర్ ఎక్కించుకున్నారు.

పెద్దాసుపత్రి వార్డులో ఆ రైతు మంచం మీద ఉన్నాడు. ముక్కులో గొట్టం, చెవికి ఎర్రరాయి పోగు. బతికే ఉన్నాడు. కళ్లు మూసి తెరుస్తున్నాడు. ఆయన భార్య మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. మేమెవరో చెప్పగానే ఆమె ముఖం పాలిపోయింది.

"పేపర్లో ఎయ్యొద్దు సామీ. నీ కాళ్లు మొక్కుతా. పాపకు తెలీదు. కదిరిలో హాస్టల్లో ఉండాది, రేపు పొద్దున పరీచ్చ."

"ఏమయిందమ్మా? శనక్కాయ పోయిందా?" అని సారు మెల్లగా అడిగారు.

"శనక్కాయ యాడుండాది సామీ. చీనీ చెట్లు. బోరు ఎండిపాయ. ట్యాంకర్లతో పోసినాడు, పోసినాడు, చెట్లు నిలబడినట్టే నిలబడి ఆకు రాల్చేసినాయి. పొద్దున గొడ్డలి తీస్కోని పోయినాడు కొట్టేద్దామని. కొట్టలేకపాయ. వచ్చి ఈ పని చేసినాడు."

రైతు కళ్లు తెరిచి భార్య వైపు ఏదో అన్నాడు. ఆమె చెవి ఒగ్గి విని, కళ్లు తుడుచుకుంది. "పొట్టేలును ఏరేగా కట్టేసినారా అంటాండాడు సామీ. పిల్లల్ని కుమ్ముతాదంట. ఈయప్పకు ఇప్పుడు అదే గావాల."

సారు లేచేముందు జేబులోని బుడ్డలన్నీ ఆమె కొంగులో పోశారు. "తినుమ్మా. పొద్దున్నుంచి తిని ఉండవు."

బయటికి రాగానే ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోకి దూరి మిగతా పేపర్ల డెస్కులకు ఫోన్లు చేశారు. పోటీ పేపర్లవాళ్లను సారు బతిమాలడం నేను చూస్తానని అనుకోలేదు. ఒకరిద్దరు తీసేస్తామన్నారు. ఒక చోట మాత్రం కదిరి పేజీ అప్పటికే వెళ్లిపోయింది. రేపు సవరణ వేస్తామన్నారట.

"సవరణ వాళ్లింట్లో కూడా సదవరు" అని సారు ఫోన్ పెట్టేశారు. హాస్టల్‌కు చేస్తే మోగింది మోగినట్టే ఉంది, ఎవరూ ఎత్తలేదు. చివరికి కంబదూరు విలేకరికి చేశారు. "రాసినోడివి నువ్వే గదా. సాయంత్రం బస్సుకు రా. వచ్చి ఆ మంచం కాడ కూసో. పొద్దున ఏడింటికి ఈ ఎదురు బూతు కాడ నిలబడు, నేను చేస్తా. మాట ఎనక మాట చెప్పొద్దు, నువ్వు చూసిందే చెప్పు."

నావైపు తిరిగారు. "నీది కదిరే గదా?"

"అవును సార్. కానీ మా ఇంట్లో ఫోన్ లేదు. పక్కవాళ్లకు చేసి మా నాన్నను పంపనా హాస్టల్‌కి?"

"మీ నాయన చూసినాడా?"

నాకు ఒళ్లు మండింది. ఒక ఆడపిల్ల పేపర్లో తండ్రి చావు చదవబోతుంటే ఈయన ఇంకా ఆ ప్రశ్న వదలడం లేదని. పైకి అనలేదు. సాయంత్రం బస్సెక్కాం. మేం చేరేసరికి హాస్టల్ గేటు మూసేశారు. ముక్కూ మొహం తెలియని మగమనిషి ఆడపిల్లను పిలవమంటే కాపలాదారు కర్ర చూపించాడు. అతనిదీ తప్పు కాదు. నేను మా ఇంటికి వెళ్లాను, సారు బస్టాండులో ఉండిపోయారు. మా ఇంటికి రమ్మంటే రాలేదు.

తెల్లవారుతుండగా నేను వెళ్లేసరికి గేటు ఎదురుగా నిలబడి ఉన్నారు. సైకిల్ మీద పేపర్లు వేసే మనిషి అప్పుడే వచ్చి వెళ్లాడు. కాపలాదారు స్టూలు మీద కూర్చుని, సవరణ వేస్తామన్న ఆ పేపరే తెరిచి పట్టుకున్నాడు, జిల్లా పేజీ మావైపుకు ఉంది. లోపల పంపు దగ్గర పిల్లలు బకెట్లతో నిలబడి ఉన్నారు. కాపలాదారు పేజీ తిప్పి, ఎవరికో వినిపించాలన్నట్టు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. నేను ఆడదాన్ని కాబట్టి అడ్డుచెప్పేలోపే లోపలికి దూరిపోయి, కంబదూరు పాప ఎవరని అడిగాను. రెండు జడల సన్నటి పిల్ల బకెట్ దించి చూసింది. చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి తెచ్చాను.

సారు తిన్నగా చెప్పేశారు. "అమ్మా, మీ నాయన నిన్న మందు తాగినాడు. అనంతపురం ఆసుపత్రిలో ఉండాడు. ఈ పేపర్లో పోయినాడని ఏసినారు. అది చూడకుండా రాసింది."

ఆ పిల్ల ఏడవలేదు. సారు ముఖంలోకి చూసి అడిగింది.

"మీరు చూసినారా?"

జిల్లా అంతటినీ ఆ మాట అడిగిన మనిషిని ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"నిన్న సాయంత్రం చూసినా. బతికే ఉండాడు. ఆ తర్వాత నేను చూడలేదమ్మా."

నాకు ఆయన్ని అక్కడే తిట్టాలనిపించింది. బాగున్నాడు, పరీక్ష రాయమ్మా అంటే నోరు పడిపోతుందా? పిల్ల మాత్రం నావైపు కాదు, సారు వైపే చూస్తోంది.

"ఏమన్నా అన్నాడా?"

"మాతో ఏమీ అనలేదు. మీ అమ్మను అడిగినాడు. పొట్టేలును ఏరేగా కట్టేసినారా, పిల్లల్ని కుమ్ముతాది అని."

గేటు పట్టుకుని ఆ పిల్ల అలాగే కిందికి జారి కూర్చుంది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేశాయి. "మా నాయనే. దానికి ఒక కొమ్ము ఇరిగిపాయ సార్. అయినా కుమ్ముతాది."

వార్డెనమ్మను ఒప్పించి ఆ పిల్లను వెంటబెట్టుకుని దగ్గరి ఎస్టీడీ బూతుకు వచ్చాం. ఏడు గంటలు. లైను కలవలేదు. మళ్లీ తిప్పారు, కలవలేదు. బూతు యజమాని విసుక్కున్నాడు. పిల్ల చేతిలో పరీక్ష అట్ట, పెన్నులు. ఆమె గాజు తలుపుకు ఆనుకుని సారు వేలినే చూస్తోంది. నేను నా జీవితంలో అంతగా దేన్నీ కోరుకోలేదు, ఆ లైను కలవాలని కోరుకున్నంతగా. కలిసినా ఏం వింటామో తెలియదు. ఎన్నోసారో మరి, కలిసింది. ఆ పెద్ద గొంతు చిన్నదైపోయి వినబడింది.

"ఉండాడు సార్. ఇప్పుడే గంజి తాగినాడు."

"నువ్వు చూసినావా?"

"చూసినా సార్. నేనే తాపినా."

సారు రిసీవర్ పిల్లకు ఇచ్చారు. ఆమె ఏం విందో, ఏం చెప్పిందో నాకు వినబడలేదు, నేను గోడవైపు తిరిగిపోయాను. తర్వాత పరీక్ష కేంద్రం దాకా నడిపించాం. లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి చూడలేదు. పరీక్ష ఉందన్న తొందరలో ఉన్న పిల్లలంతా అలాగే వెళ్తారు.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక సారు చెయ్యి జేబులోకి వెళ్లింది. ఖాళీ. నేను బండి దగ్గరికి వెళ్లి ఉడకబెట్టిన బుడ్డలు కొని తెచ్చిచ్చాను. మొదటి కాయ పగలడానికి చాలాసేపు పట్టింది.

చెప్పకుండా డెస్కు వదిలి వెళ్లినందుకు పైనుంచి మెమో వచ్చింది. సారు దాన్ని ఒకసారి చదివి, పొట్లంలా చుట్టి బుడ్డల పొట్టు వేసుకున్నారు. కంబదూరు విలేకరి ఆ ఆసుపత్రిలో రెండు రోజులు ఉండి, వెళ్లి ఆ బత్తాయి తోటను చూసి, గొడ్డలి పెట్టి కూడా కొట్టలేకపోయిన చెట్ల గురించి అరపేజీ రాసి పంపాడు. అందులో రైతు పేరు లేదు. మీటలు నొక్కితే ఎక్కడా రంగు రాలేదు. సారు దాన్ని రెండుసార్లు చదివారు. టప్ టప్ ఆగలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఆయన పదవి విరమించి కంబదూరు దగ్గర సొంత ఊరికి వెళ్లిపోయారు. ఆ కుర్చీ నాకు వచ్చింది, ఆ మాటల ఫైలూ వచ్చింది. కంప్యూటర్లు మారాయి, ఎడిటర్ మారింది. ఆ తోకను మాత్రం ప్రతిసారీ ఎవరినో బతిమాలి తగిలించుకుంటూ వచ్చాను. అంత పిచ్చి ఎందుకని మా వాళ్లు ఎగతాళి చేస్తారు. చేసుకోనీ.

ఇప్పుడు నా ఎదుట ఉన్న ఈ కాపీ పంపింది ఆ కంబదూరు విలేకరే. పసుపంతా దాటి చివరికి వస్తే ఆ తెల్లటి వాక్యం ఇది: "చెవికి ఎర్రరాయి పోగు పెట్టుకున్న ఒక రైతు మొదటి బస్సుకు వచ్చి, నీడకు రమ్మన్నా రాకుండా పాడె లేచేదాకా ఎండలోనే నిలబడి, ఆయన తల పక్కన గుప్పెడు బుడ్డలు పెట్టి వెళ్లిపోయాడు."

ఫోన్ ఎత్తాను.

"అన్నా, ఆ చివరి మాట... నువ్వు చూసినావా?"

"చూడకుండా ఎట్ల రాస్తానమ్మా. ఆయప్ప పక్కనే నిలబడుకోని ఉండా. ఇద్దరం కలిసే పోయినాం."

"మరి పేరు రాయలేదే?"

ఆ పెద్ద గొంతు మళ్లీ చిన్నదైపోయింది.

"రాస్తా అంటినమ్మా. వద్దన్నాడు. నా పేరు ఒగసారి ఏసినారు గదప్పా, సాలు అన్నాడు."

ఫోన్ పెట్టేసి పసుపంతా తీసేశాను. ఆ ఒక్క వాక్యమే సారు ఫొటో కింద పెట్టి పేజీ వదిలాను.